అక్క ఉన్న సీసా

ప్యాసింజరు బండి తాడేపల్లిగూడెం దాటింది. కిటికీ పక్కన కూర్చున్న స్టెల్లా, ఏలూరు వచ్చేలోగా ఒక్క వాక్యం తయారు చేసుకుంటే చాలనుకుంది. అమ్మా, అది మందు కాదు. అంతే. అమ్మా, అది ఇంకా మందు కాదు. వద్దు, ‘ఇంకా’ అంటే అమ్మ ఆ ఇంకాని పట్టుకుని కూర్చుంటుంది, అయితే కొన్నాళ్లు ఆగుదాం అంటుంది, ఆగడానికి వీల్లేదనే కదా తను ఉన్నపళాన పరుగెత్తుకొస్తున్నది. ఇవాళ శనివారం. సోమవారం విజయవాడలో ఆపరేషన్‌కి బెడ్ ఇచ్చారు. స్కాన్ చూసిన డాక్టరుగారు అండాశయం మీది గడ్డ చూపించి, ఇప్పుడైతే కత్తికి అందుతుందండీ, నెల పోయాక వస్తే నేను చెప్పలేను, అన్నారట. అమ్మ మాత్రం నేను రాను పొమ్మంది. నా కూతురు మందు కనిపెట్టాక నాకు కత్తెందుకు, అంది. ఆ మాట ఇంట్లో అని ఊరుకుంటే ఎలాగోలా సర్దిచెప్పుకోవచ్చు. పోయిన ఆదివారం చర్చినిండా జనం ముందు లేచి నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, సాక్ష్యం చెప్పేసింది. దేవుడు మా చిన్నదాని చేత మా పెద్దదాని జబ్బుకి మందు చేయించాడు, నేను కోత లేకుండా బాగుపడతాను, అని. సాక్ష్యమంటే వాళ్లలో మామూలు మాట కాదు. దేవుడు నాకిది చేశాడని పదిమందిలో చెప్పాక, అబ్బే, చేయలేదండీ అని వెనక్కి తీసుకోవడం ఉండదు. తీసుకుంటే అబద్ధమాడింది ఎవరు, తనా, దేవుడా? సర్వీసంతా మిషన్ స్కూల్లో పిల్లలకి అబద్ధమాడకూడదని చెప్పిన అమ్మ, సరోజ టీచరు, ఆ ప్రశ్న దేవుడి మీదికి రానిస్తుందా? “పాస్టరు కృపావరంగారు రెండు చేతులూ ఎత్తి స్తోత్రం చెప్పేశారమ్మా. ఇంక మీ అమ్మని ఆస్పత్రికి రమ్మనడం నావల్ల కాదు. నువ్వొచ్చి చెప్పాల్సిందే,” అన్నారు నాన్న ఫోన్లో. ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు స్టెల్లా.

ఎక్కిన ఎక్స్‌ప్రెస్సులోనే కదలకుండా కూర్చుంటే విశాఖపట్నం నుంచి నేరుగా ఏలూరులో దిగేది. బావగారిని వెంటబెట్టుకుపోదామని గూడెంలో దిగింది. అక్క ప్రీతి భర్త మధుబాబు లెక్కల మాస్టారు, అమ్మకి ఆయన మాటంటే నమ్మకం. ఉల్లిపాయల మార్కెట్టు వెనక ఇల్లు, వీధి మొదట్లోనే ఆ వాసన ఎదురొచ్చి మొహం మీద కొట్టింది. మందులెక్కించుకున్న రోజుల్లో అక్క ఈ వాసనకే కదా కడుపులో ఉన్నదంతా కక్కేసేది, పాపం ఈయన కిటికీలన్నీ మూసి సందుల్లో తడిగుడ్డలు కుక్కేవాడు, అయినా ఎక్కడినుంచో వచ్చేసేది. వంటింట్లో డబ్బాలన్నీ అక్క పెట్టిన వరసలోనే ఉన్నాయి. మధుబాబు మంచినీళ్లిచ్చి, తను కూర్చోకుండా, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. “నన్ను రమ్మనకమ్మా స్టెల్లా. ప్రీతికి ఆపరేషన్ చేయిద్దామని అత్తయ్యగార్ని ఒప్పించింది నేనే. మళ్లీ ఏ మొహం పెట్టుకుని చెప్పను? నేనొస్తే ఆవిడ నన్ను చూడరు, నా పక్కన ఖాళీని చూస్తారు.” అందులో కాదనడానికేముంది. స్టెల్లా చెప్పులేసుకుంటుంటే గుమ్మందాకా వచ్చి అడిగాడు, “అవి ఇంకా ఉన్నాయా?” “ఉన్నాయి బావగారూ.” “ఎలా ఉన్నాయి?” దూరపు ఊళ్లో ఉన్న మనిషి కులాసా అడిగినట్టు అడిగాడు. “బాగానే ఉన్నాయండీ,” అనేసింది. అన్నాక రిక్షా ఎక్కేదాకా తల ఎత్తలేదు.

బాగానే ఉన్నాయట. అవి బాగుంటే ఎవరికి బాగు? బండి చేబ్రోలులో ఆగి మళ్లీ కదిలింది, ఎవరో గంప సీటు కిందికి తోశారు, జామకాయల వాసన. అక్క పొట్ట ఎంత పెరిగిందంటే విశాఖపట్నం బస్సుల్లో ఆడవాళ్లు లేచి సీటిచ్చేవారు. రామ్మా కూర్చో, ఎన్నో నెల? పెళ్లయి అన్నేళ్లయినా పిల్లల్లేని ప్రీతి, ఆ మాటకి నవ్వి, దగ్గరికొచ్చేసిందండీ, అని దర్జాగా కూర్చునేది. పక్కన నిలబడ్డ స్టెల్లాకి కళ్లు ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు. ఆస్పత్రిలో పొట్టలో చేరిన ఆ నీరు తీస్తుంటే పలచటి టీ రంగులో సన్నటి గొట్టంలోంచి సీసాలోకి దిగింది, ఒకటి నిండాక ఇంకొకటి. అందులోనే ఉన్నాయి క్యాన్సర్ కణాలు, గుత్తులు గుత్తులుగా, కంటికి కనపడకుండా. “ఏమే, ఇదంతా పారబోస్తారా? పట్టుకుపో. రోజూ ఎవరో తెల్లావిడ కణాలు పెంచుతున్నానంటావుగా, ఇంట్లో సరుకుండగా బయటిదెందుకు?” అంది ప్రీతి. స్టెల్లా రీసెర్చి గైడుగారూ ఆస్పత్రివాళ్లూ మాట్లాడుకుని కావలసిన అనుమతులు తెచ్చారు, సంతకం ప్రీతే పెట్టింది, పెట్టి, “బాగా చూసుకోవే వాటిని,” అంది వేళాకోళంగా. అక్కకి అన్నీ వేళాకోళమే. ఆ వేళాకోళమే ఇప్పుడు నాలుగేళ్లుగా తన మెడకి చుట్టుకుంది.

చూసుకుంది మరి. అరచేయంత ప్లాస్టిక్ సీసా, లోపల రోజ్‌మిల్క్ రంగు నీళ్లు, అదే వాటి తిండి. తిన్నకొద్దీ ఆ గులాబీ పసుపులోకి తిరుగుతుంది, పసుపు కనిపించిందంటే ఆకలేసిందన్నమాట. పాత నీళ్లు తీసి కొత్త నీళ్లు పోయాలి, మరీ ఒత్తుగా పెరిగితే రెండు సీసాల్లోకి పంచాలి. మొదటి వారం బతకవనుకుంది. రెండోవారం సీసా అడుగున నాలుగు దిక్కులా పాకాయి. అక్కని ఏలూరు తీసుకొచ్చి, మట్టిలో పెట్టి, మూడోరోజు ప్రార్థన కానిచ్చి, స్టెల్లా మళ్లీ ల్యాబు తలుపు తీసేసరికి సీసా పసుప్పచ్చగా ఉంది. ఆకలి. ఆవిడ పోయిందన్న కబురు వాటికి అందలేదు. పక్క టేబులు వాళ్లకి అది పి-సెవెన్ అనే కణాల లైను, మంచి లైను, ఓపికైన లైను, ఎంత కష్టపెట్టినా చావదు. స్టెల్లాకి మాత్రం సీసాలుంచే వెచ్చటి ఇంక్యుబేటర్ పెట్టె తలుపు తీస్తే ఫ్యాను చప్పుడు వెనక ఇంకేదో వినిపించేది. ప్రీతి చర్చి పాటల్లో రెండో వరస పాడేది, అసలు రాగం కాదు, దానికి కిందగా నడిచే వరస, వంట చేస్తూ ఒక్కతే అదే కూనిరాగం తీస్తుంటే అది ఏ పాటో ఎవరికీ తెలిసేది కాదు. ఆ చప్పుడే. పాటేదో తెలియదు, గొంతెవరిదో తెలుసు. ఎవరితోనైనా చెబితే నవ్వుతారు, లేదంటే సెలవు పెట్టుకోమంటారు. చెప్పలేదు. భయపడుతూనే తలుపు తీసేది, వినపడని రోజున ఇంకా భయపడేది. ఇప్పుడు ఈ బండి చక్రాల కింద కూడా ఉందా అది? కిటికీ ఊచకి చెవి ఆనించి, వెంటనే సిగ్గుపడి వెనక్కి తీసుకుంది.

పూళ్ల దాటాక ఎడమవైపు దూరంగా, చేల మధ్య, చెరువుల నీళ్లు ఎండకి తెల్లగా కనిపించాయి. వాటికవతల కొల్లేరు. ఆ ఎండాకాలమే అక్కడ చేపల చెరువుల గట్లు మిషన్లు పెట్టి తెగ్గొట్టారు, ఊళ్లకి ఊళ్లు గట్టు మీద నిలబడి చూశాయట. నాన్న వెళ్లలేదు. నాన్న ఏలీయా పడాల్సింది అంతకు ముందే పడ్డారు, ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుల మీద మేతా మోటారూ చూసే రోజుల్లో. ఒక పొద్దున్న రొయ్యలన్నీ గట్టువారకి వచ్చేశాయి, పెంకుల మీద తెల్లమచ్చలు, చేత్తో తీసినా కదలవు. వైరస్ వచ్చింది, అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు, గట్టిగా అంటే పక్క చెరువులోకీ వస్తుందన్నట్టు. అందుకే స్టెల్లా ల్యాబులో చేసేదేమిటో మొదటిసారి చెప్పినప్పుడు ఆయన అన్నం కలుపుతున్నవారల్లా చెయ్యి ఆపి, “ఆకివీడుని ముంచేసిన దాన్నే పనిలో పెట్టుకున్నావా తల్లీ?” అన్నారు. “అది కాదండీ నాన్నగారూ, ఇది వేరే వైరసు. జలుబు తెచ్చేది. దాని పళ్లు పీకేశాం.” “పళ్లు పీకితే మాత్రం, దాని బుద్ధి ఎక్కడికి పోద్దమ్మా?” అమ్మ నవ్వింది. పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. అప్పటికే గడ్డ ఆ పొట్టలో ఉందేమో. ఎదురుగా కూర్చుని చూస్తూ, చదువంతా చదివి, తను ఏం కనిపెట్టింది?

ఆ రోజే అమ్మకి కూడా చెప్పింది, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. ఒంట్లోకి వచ్చిన రోగాన్ని పట్టుకోవడానికి రక్తంలో యాంటీబాడీలుంటాయమ్మా. అందులో పట్టుకునే కొస ఒకటుంటుంది, మిగతాదంతా పిడి. మాకు పిడి అక్కర్లేదు, ఆ కొస ముక్క చాలు. దాన్ని వైరస్ మీద అతికిస్తాం. వైరస్ లోపల దాని సరుకు తీసేసి మా జన్యువు పెడతాం. ఆ ముక్క క్యాన్సర్ కణాన్నే వెతికి పట్టుకుంటుంది, మంచిదాని జోలికి పోదు. పట్టుకుని లోపలికి దింపుతుంది. తరవాత ఒక మామూలు మందు వేస్తాం, మనకి ఏమీ చేయదది, మా జన్యువున్న కణానికి మాత్రం విషమైపోతుంది. సరోజ ఒక చిక్కుడుకాయ చేత్తో పట్టుకుని ఆలోచించి, “అంటే ఊళ్లో అంతమందిలో పేరు పెట్టి పిలవడమన్నమాట,” అంది. అవునమ్మా, సరిగ్గా అదే, అని స్టెల్లా పొంగిపోయింది. చెప్పనిది ఒకటుంది. ఆ పేరు ఎలా దొరికిందో చెప్పలేదు. కోట్ల ముక్కల్లోంచి ఒక్కటి ఏరాలి. మంచి కణాలని పట్టుకునే ముక్కలన్నీ ముందు తీసి పారేయాలి, అందుకు ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కావాలి, ఎవరిదో ఎందుకని స్టెల్లా తన చెయ్యే చాపింది. తన కణాల మీద పోసి, అంటుకున్నవి వదిలేసి, అంటుకోనివి అక్క కణాల మీద పోసి, కడిగి, పట్టుకుని వదలనివాటిని పెంచి, మళ్లీ మొదటినుంచి. నెలల తరబడి. చివరికి మిగిలిన ముక్క ఏమిటీ అంటే, ఇద్దరు అక్కచెల్లెళ్లలో చెల్లెల్ని దాటిపోయి అక్కని పట్టుకునేది. ఒకే తల్లి కడుపు, ఒకే కంచంలో అన్నం, ఒకే దుప్పటి. తనని ఎందుకు వదిలింది? ఈ ప్రశ్న సైన్సులో లేదు, గైడుగారిని అడిగితే ఏదో ప్రోటీను పేరు చెబుతారు. స్టెల్లా ఆ ముక్కని ద్వేషించింది, దాంతోనే పరీక్షలన్నీ నెగ్గింది, రెండూ ఒకే చేత్తో చేసింది.

బండి భీమడోలులో చాలాసేపు ఆగింది. ఏదో ఎక్స్‌ప్రెస్సుకి దారివ్వాలట. నిండు నెలల మనిషి ఒకామె మెట్టు పట్టుకుని ఆయాసపడుతూ ఎక్కింది, స్టెల్లా ఉలిక్కిపడి లేచి నిలబడింది, లేచాక గాని ఈమెకి నిజంగా బిడ్డే ఉందన్న సంగతి తట్టలేదు. కూర్చోండమ్మా. మీకు శ్రమండీ. పర్లేదండీ. ఊచ పట్టుకుని నిలబడి మళ్లీ మొదలుపెట్టింది, అమ్మా, అది గాజుగిన్నెలో పనిచేసింది, మనిషిలో కాదు. గాజుగిన్నెలో ఉన్నది ఒక్క ఇల్లే, తలుపు తట్టడం తేలిక, ఒళ్లంటే ఊరు. ఆ రోజు గాజుగిన్నెలో ఎంత తేలిగ్గా అయిపోయింది! పొద్దున్న చూస్తే పి-సెవెన్ కణాలు కాళ్లు ముడుచుకుని, గుండ్రంగా, అడుగు వదిలేసి నీళ్లలోకి లేచాయి. తిండి గులాబీగానే ఉండిపోయింది, తినేవాళ్లు లేరు. పక్క గిన్నెలో స్టెల్లా కణాలు మాత్రం చెక్కుచెదరలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, ఎవరో కాజాల ప్యాకెట్టు విప్పారు, గైడుగారు ఎప్పుడూ లేనిది భుజం తట్టారు. స్టెల్లా మైక్రోస్కోపు మీంచి మొహం ఎత్తలేదు. అక్క మొదటిసారి పోయినప్పుడు డాక్టర్లు ఉన్నారు, దేవుడున్నాడు, ఎవరినైనా అనొచ్చు. ఈసారి తనే. ఆ సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి ఏడుస్తూ ఫోన్ చేసింది, “అమ్మా, అక్కని చంపినదాన్ని చంపేశానే.” అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అవతల అమ్మ కూడా ఏడ్చింది, ప్రభువా ప్రభువా అంటూ. తను ఏడ్చింది ఒకందుకు, అమ్మ ఏడ్చింది ఇంకొకందుకు. ఆ పూట అది తెలుసుకునే ఓపిక ఇద్దరికీ లేదు.

తరవాత ఎలుకల్లో పెట్టారు. ఎలుక ఒంట్లోకి పంపిన వైరసులో ఎక్కువభాగం గడ్డ దగ్గరికి పోకుండా లివర్‌లో కూర్చుంది. పేరు పెట్టి పిలవమని పంపితే దారిలో మొదటి ఇంట్లోనే దిగిపోయింది. మందు వేశాక లివరే దెబ్బతింది, గడ్డ కొంచెం తగ్గింది, ఎలుకలు పోయాయి. నాన్న అన్నట్టు దాని బుద్ధి ఎక్కడికీ పోలేదు. ఆ సాయంత్రం మాత్రం బూత్‌కి వెళ్లలేదు స్టెల్లా, చెప్పడానికి మంచి కబురు కాదుగా, బాగుపడ్డాక చెబుదామనుకుంది. బాగుపడటానికి ఏళ్లు పడుతుంది. తన చేతుల్లో బాగుపడుతుందో, ఇంకెవరి చేతుల్లోనో. అసలు అమ్మ గడ్డ మీద ఆ ముక్క పట్టుకునే గుర్తు ఉందో లేదో. ఉంటే అక్కని పట్టుకున్నట్టే అమ్మనీ పట్టుకుంటుంది, లేకపోతే అమ్మని కూడా దాటిపోతుంది. ఏది కోరుకోవాలి? దెందులూరు బోర్డు వెనక్కి పోయింది. అమ్మ ముందు నిలబడి, నీ దేవుడు నాచేత ఏమీ చేయించలేదమ్మా, అని చెప్పాలి. చెప్పకపోతే సోమవారం బెడ్ ఇంకెవరికో పోతుంది. నెల తిరిగేసరికి అమ్మకీ బస్సుల్లో సీటిస్తారు. స్టెల్లాకి ఏడుపు కాదు, కోపమొచ్చింది, అక్క మీద. తనని ఒక్కదాన్నీ వదిలేసి వెళ్లినందుకు, వెళ్లినట్టే వెళ్లి వెళ్లనందుకు.

ఏలూరులో దిగేసరికి అమ్మ ప్లాట్‌ఫారం మీదే ఉంది. ఇంటికెళ్లేదాకా టైముందనుకున్న స్టెల్లా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. సిమెంటు బెంచీ మీద, ఇస్త్రీ చీరలో, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని సరోజ టీచరు. చీర కుచ్చిళ్ల దగ్గర ఎత్తు తెలుస్తూనే ఉంది. కాస్త దూరంలో నాన్న, వాళ్ల వైపు చూడకుండా, రైళ్ల బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డారు. ఆయన భుజాలు చూస్తే అర్థమైంది, ఇక్కడికి రావాలన్నది అమ్మే.

“ఏమే, చిక్కిపోయావ్. తిన్నావా ఏమన్నా?”

“అమ్మా, అది మందు కాదు.”

తయారు చేసుకున్నవన్నీ పోయి, మొట్టమొదటి వాక్యమే వచ్చింది. మిగతాది దాని వెనకే వచ్చేసింది, గాజుగిన్నె, ఎలుకలు, లివరు, ఏళ్లు, ఆ గుర్తు నీ గడ్డకి ఉందో లేదో, సోమవారం రాకపోతే నిన్ను నేను బతికించలేనమ్మా, అక్కని బతికించలేకపోయినట్టే. కూలీ ఒకడు బండి తోసుకుంటూ మధ్యలోంచి పోయాడు. సరోజ కొంగుతో కూతురి మొహం తుడిచింది, స్కూల్లో పిల్లల ముక్కు తుడిచినంత గట్టిగా.

“చంపేశానన్నావుగా మరి.”

“ఆ గిన్నెలోవి చనిపోయాయి. మిగతా సీసాల్లో ఉన్నాయి. పెరుగుతూనే ఉన్నాయి.”

“ఉందా? ప్రీతి ఉందా అక్కడ?”

అది అక్క కాదమ్మా, అక్కని తినేసినది, అని చెప్పాలి. సైన్సు చదివినదానిగా చెప్పాలి. కాని నాలుగేళ్లుగా తలుపు తీసి ఏం వింటోందో స్టెల్లాకి తెలుసు. “ఉందమ్మా,” అంది.

“ఒక్కతేనా?”

అదే పెట్టెలో ఊరూ పేరూ లేని ఇంకెందరివో సీసాలున్నాయి. “ఒక్కతే.”

సరోజ సంచీ చంకకి తగిలించుకుని, “అయితే సోమవారం వస్తాను. కోసి తీసింది పారేయనివ్వకు. నువ్వే దగ్గరుండి పట్టుకెళ్లి దాని పక్కన పెట్టు,” అంది.

“చర్చిలో ఏం చెబుతావమ్మా?”

“నా కూతురి దగ్గరికి పోతున్నానని చెబుతాను. అందులో అబద్ధమేముంది?”

తను వచ్చిన పని అయిపోయింది. అమ్మ వస్తానంది, బెడ్ పోదు, గడ్డ కత్తికి అందుతుంది. సంతోషించాలి. కాని స్టెల్లా లెక్క వేసుకుంది. ఇంక రెండు సీసాలు. రెంటికీ తిండి పోయాలి, రెండూ పచ్చబడకుండా చూసుకోవాలి, ఆ ముక్కని ఒకసారి అక్క మీదా ఒకసారి అమ్మ మీదా పోసి, పట్టుకుందో లేదో చూసి, పట్టుకుంటే చంపాలి. వద్దమ్మా, ఆ పని నాకు పెట్టకు, అనబోయింది. అప్పటికే సరోజ లేవడానికి కూతురి భుజం మీద చెయ్యి వేసింది, బరువంతా ఆ చేతి మీదే ఉంది.

“నేను పక్కనుంటే, ఈసారి నువ్వు మందు వేసినప్పుడు అది భయపడదే,” అంది.